గుండీ లేని చొక్కాలు

మా ఇంట్లో ముందు గదే కుట్టు గది. రెండు మిషన్లు, గోడ పొడవునా కటింగ్ బల్ల, కిటికీ దగ్గర నాయనమ్మ కుర్చీ. నాన్న కత్తిరిస్తాడు, అమ్మ కుడుతుంది, నాయనమ్మ కాజాలు కుడుతుంది. కాజాలు కుట్టే మిషన్లు వచ్చి ఎంతో కాలమైనా, నాయనమ్మ చేతి కాజా కోసం మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గుండీ ఎక్కేటప్పుడు కాస్త బిగువుగా ఎక్కాలి, ఎక్కాక కదలకూడదు. అదీ ఆవిడ లెక్క. ఎవరి చొక్కా గుండీ అయినా దానంతటదే ఊడిందంటే, "పాపం, ఎవరు కుట్టారో" అంటుంది, చావు కబురు విన్నట్టు.

స్కూలు నుంచి వచ్చాక గుండీలు కుట్టడం నా పని. నాకది ఇష్టం. తల వంచుకుని కూర్చోవచ్చు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

బల్ల కింద మా తమ్ముడుంటాడు. నాలుగు దాటి ఐదులో పడ్డాడు. టైలరని ఊరంతా నాన్నని మేస్త్రి అంటుంది, నాన్న వాణ్ణి 'చిన మేస్త్రి' అని పిలుస్తాడు. దారపు రీళ్ళని రంగుల వరసలో పేర్చడమంటే వాడికి ప్రాణం. లేత నీలానికీ, కాస్త ముదురు నీలానికీ తేడా అమ్మ కంటే ముందు వాడే చెప్తాడు. వచ్చిన ప్రతి బేరానికీ నాన్న ఆ మాట చెప్తాడు.

వాడి బట్టల గురించి కూడా చెప్తాడు. నిజానికి వాడి బట్టలు చూస్తేనే మా నాన్న పనితనం తెలుస్తుంది. వాడు చిన్నప్పుడు మెడ దగ్గర లేబుల్ తగిలితే చాలు, ఒళ్ళంతా ఎర్రబడేలా ఏడ్చేవాడు. అమ్మ లేబుళ్ళన్నీ కత్తిరించింది. తర్వాత లోపలి కుట్టు గుచ్చుకుంటోందని ఏడ్చాడు. నాన్న కుట్లు బయటికి వచ్చేలా కుట్టి, వాటి మీద సన్నటి రంగు పట్టీ వేశాడు. అది చూసి, మా పిల్లలకీ ఇదే డిజైన్ కావాలని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. హుక్కు పెట్టుకోవడానికి పేచీ పెడితే నిక్కర్లన్నిటికీ ఎలాస్టిక్ వచ్చింది. గుండీల దగ్గర విసుక్కుంటే చొక్కాలన్నీ తల మీంచి తొడుక్కునేవి అయిపోయాయి. బూట్ల తాళ్ళు పోయి, వాటి చోట కూడా ఎలాస్టికే. వాడు ఏడ్చిన చోటల్లా నాన్న కత్తెర వెళ్ళి సర్దేసి వచ్చేది. "మేస్త్రి కొడుకంటే మాటలా" అనేవాళ్ళు అందరూ. మేమూ అలాగే అనుకునేవాళ్ళం.

తమ్ముడి నర్సరీ మా స్కూలు పక్కనే. స్కూలు వదిలాక నేనే వాణ్ణి తీసుకొస్తాను. ఒకరోజు కాస్త ముందుగా వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల రంగులు వేయిస్తున్నారు. గోడకి వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కేనికీ ఒక్కో ఏప్రాన్. ముందు పెద్ద పెద్ద గుండీలు. ఎవరి ఏప్రాన్ వాళ్ళు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, రంగుల బల్ల దగ్గరికి పరిగెత్తాలి. ముక్కు తుడుచుకోవడం రాని ఒక బుడతడు కూడా గుండీలు పెట్టేసుకుని పోయాడు.

మా వాడు ఏప్రాన్ భుజాల మీద వేసుకుని, కొక్కెం కింద గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"రావా నాన్నా? పెట్టనా?" అంది టీచరు.

"నాకు రంగులంటే ఇష్టం లేదు" అన్నాడు వాడు.

రంగు దారాలతో రోజంతా గడిపేవాడు.

ఆ మాట నాకు బాగా తెలిసిన మాట. క్లాసులో పాఠం గట్టిగా చదవమంటే నేను ఎప్పుడూ 'నాకు రాదు' అనను. 'ఇష్టం లేదు మేడం' అంటాను. 'రాదు' అంటే అందరూ చూస్తారు. 'ఇష్టం లేదు' అంటే పొగరనుకుని వదిలేస్తారు. కానీ ఆ తెలివి నాకు పన్నెండు పదమూడేళ్ళప్పుడు వచ్చింది. వీడికి అప్పుడే ఎలా వచ్చిందో, పాపం.

మర్నాడు టీచరు ఇంట్లో పెద్దవాళ్ళని ఒకసారి రమ్మంది. అమ్మ చేతిలో ఎవరివో పెళ్ళిబట్టల పని ఉంది, అందుకని నాన్న వచ్చాడు. నేను ఆయన వెనకాల నిలబడ్డాను.

"మీ బాబు చాలా తెలివైనవాడండీ. రంగుల గురించి నాకే పాఠం చెప్తాడు" అని మొదలుపెట్టింది టీచరు. నాన్న ముఖం వెలిగిపోయింది. "కానీ క్రేయాన్ పిడికిలితో పట్టుకుంటాడు. రెండు గీతలు గీసేసరికి చెయ్యి నొప్పంటాడు. జిగురు వేలికంటితే ఏడుస్తాడు. కుర్చీలో నిటారుగా కాసేపు కూర్చోలేక బల్ల మీద వాలిపోతాడు. గుండీలు, కత్తెర, ఏదైనా చేతిపని వచ్చిందంటే ఇష్టం లేదని పక్కకి వెళ్ళిపోతాడు. వీటిలో ఏ ఒక్కటైనా ఏ పిల్లాడైనా చేస్తాడు. అన్నీ ఒక్కడిలోనే, ఇన్నాళ్ళుగా ఉన్నాయంటే ఒకసారి చూపించడం మంచిది. పట్నంలో పిల్లల ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ అని ఉంది. సొంత పనులు సొంతంగా చేసుకోవడం ఆటల్లో నేర్పిస్తారు."

"అలాగేనండీ" అన్నాడు నాన్న ఎంతో మర్యాదగా.

వీధి మలుపు తిరిగేదాకా ఆ మర్యాద నిలబడింది.

"చేతులకి థెరపీ అట. మేస్త్రి కొడుక్కి. మా తాత టైలరు, మా నాన్న టైలరు. ఈ వంశంలో చేతులు రానివాడు పుడతాడా?"

తమ్ముడు నా వేలు పట్టుకుని నడుస్తున్నాడు. పట్టు దూదిలా ఉంది. ఆ రోజే మొదటిసారి గమనించాను.

ఆ సాయంత్రమే నాన్న పరిష్కారం కనిపెట్టేశాడు. మెత్తటి గుడ్డతో, తల మీంచి తొడుక్కునే ఏప్రాన్ ఒకటి కుట్టాడు. ముందు ఒక జేబు, దాని మీద దారపు రీలు బొమ్మ. వారమంతా తమ్ముడు అది వేసుకుని రంగుల బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"చూశావా అమ్మా, లోపం పిల్లాడిలో లేదు, ఏప్రాన్‌లో ఉంది" అన్నాడు నాన్న, నాయనమ్మతో.

"నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? బడికెళ్ళే వయసొచ్చినా నీ నిక్కరు నేనే ఎగలాగేదాన్ని. మగపిల్లలకి అన్నీ ఆలస్యమే."

"మధ్యలో నా నిక్కరెందుకమ్మా" అన్నాడు నాన్న. ఎదురుగా కొలతలిస్తున్న ఆసామి నవ్వాపుకోలేకపోయాడు.

నాకు నవ్వు రాలేదు. ఒక పాత కోటు తీసుకుని బల్ల కింద తమ్ముడి పక్కన కూర్చున్నాను. రూపాయి బిళ్ళంత గుండీలు దానివి.

"ఇది పెడతావా?"

వాడు రెండు బొటనవేళ్ళతో గుండీని నొక్కాడు. నాలుక బయటికొచ్చింది. గుండీ కాజా దాకా వెళ్ళి జారిపోయింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ జారింది.

"నాకిది ఇష్టం లేదక్కా" అని కోటు నా ఒళ్ళోకి తోసి, రీళ్ళ దగ్గరికి పాకిపోయాడు.

సరేనని కోటు అక్కడే వదిలేసి లేచాను. కాసేపటికి సుద్దముక్క కింద పడితే వంగాను. వాడు గోడవైపు తిరిగి కూర్చుని, చప్పుడు చెయ్యకుండా ఆ గుండీతోనే కుస్తీ పడుతున్నాడు. ఎవరూ చూడట్లేదనుకుంటున్నాడు. గుండీ జారినప్పుడల్లా తన చేతినే చిన్నగా కొట్టుకుంటున్నాడు, మాట వినని కుక్కపిల్లని కొట్టినట్టు.

ఇష్టం లేనివాడు అలా చెయ్యడు.

సెలవుల తర్వాత పై క్లాసుకి యూనిఫాం ఉంది. తెల్ల చొక్కా, ముందు నిలువునా గుండీలు. గుడ్డ తెచ్చిన రోజు నాన్న మహా హుషారుగా ఉన్నాడు. చొక్కా కుట్టాడు. గుండీల పట్టీ లోపల వెల్క్రో పెట్టాడు. పైన గుండీలు ఊరికే అలంకారానికి. దగ్గర్నించి చూసినా కనిపెట్టలేరు. అంత చక్కటి పని నేనెప్పుడూ చూడలేదు.

"ఒత్తితే మూసుకుంటుంది, లాగితే తెరుచుకుంటుంది. ఎవడికీ తెలియదు" అని చొక్కా నా వైపు తోశాడు. "గుండీలు కుట్టెయ్ తల్లీ. కాజాలు అక్కర్లేదు, నేరుగా పై గుడ్డ మీదే కుట్టెయ్."

సూదిలో దారం ఎక్కించాను. మొదటి గుండీ గుడ్డ మీద పెట్టాను. బల్ల కింద వాడు కూనిరాగం తీస్తున్నాడు. ఈ చొక్కా వేసుకుని వెళ్తే ఇంకో ఏడాది ఎవరికీ ఏమీ తెలియదు. టీచరుకి కూడా. వాడొక్కడికే తెలుస్తుంది.

"నేను కుట్టను నాన్నా."

మిషన్ ఆగింది. అమ్మ తలెత్తింది. నేను పని కాదనడం ఆ గదిలో ఎప్పుడూ జరగలేదు.

"ఏం, వేలికి గుచ్చుకుందా?" అన్నాడు నాన్న.

"లేదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తర్వాత మాటలు రాలేదు. అందుకే లోపలికి వెళ్ళి, బీరువాలోంచి తమ్ముడి బట్టలన్నీ ఎత్తుకొచ్చి కటింగ్ బల్ల మీద పరిచాను. చొక్కాలు, నిక్కర్లు, చలికోటు, చివర బూట్లు.

"బూట్లు బల్ల మీదా?" అంది నాయనమ్మ.

"ఒక్క గుండీ చూపించు నాన్నా" అన్నాను. "ఊళ్ళో అందరికీ గుండీలు కుట్టేది మనమే. మన ఇంట్లో వాడికి ఒక్కటి కూడా లేదు."

నాన్న బల్ల దగ్గరికి వచ్చాడు. ఎవరో తెచ్చిన బట్టల్ని చూసినట్టు వాటిని ఒక్కొక్కటీ తిరగేసి చూడటం మొదలుపెట్టాడు. కత్తిరించిన లేబులు. బయటికి తిప్పిన కుట్టు. ఎలాస్టిక్. ఎలాస్టిక్. తల మీంచి తొడుక్కునే మెడ. నాన్నకి బట్ట చూస్తే మనిషి తెలుస్తాడు. ఏ భుజం దిగిందో, ఎవరి నడుము నొప్పో కొలవకుండానే చెప్పేస్తాడు. ఆ బట్టల్లో ఇప్పుడు ఆయనకి తమ్ముడు కనిపించాడు.

"వాడికి ఇష్టం లేక కాదు నాన్నా. రాక. నేను చూశాను. ఎవరూ లేనప్పుడు బల్ల కింద కూర్చుని పాత కోటు గుండీతో పాట్లు పడుతున్నాడు. రాకపోతే వాడి చేతిని వాడే కొట్టుకుంటున్నాడు."

అమ్మ మిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చింది. చిన్న బూటు చేతిలోకి తీసుకుని దాని ఎలాస్టిక్ లాగి వదిలింది.

"తాళ్ళు తీసెయ్యమని నేనే అడిగానండీ. పొద్దున్నే ఆలస్యమవుతోందని" అంది మెల్లగా.

"మరి వాడికెందుకు రావట్లేదని నేనెందుకు అడగలేదు?" అన్నాడు నాన్న. అమ్మనా, తనని తనేనా తెలియలేదు. కొంచెం సేపు మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత తెల్ల చొక్కా తీసుకుని, కుట్టు విప్పే కత్తితో వెల్క్రో విప్పడం మొదలుపెట్టాడు. తను కుట్టినది తనే విప్పడం ఆయనకి ఎంత కష్టమో ఆ గదిలో అందరికీ తెలుసు.

"పట్నం బస్సు పొద్దున ఎన్నింటికి?" అన్నాడు, తలెత్తకుండా.

"నేనూ వస్తాను. ఏం చేస్తారో ఏమిటో, నా కళ్ళతో నేను చూడాలి" అంది నాయనమ్మ.

"సూది మందేస్తారు, నీకే" అన్నాడు నాన్న.

పట్నంలో మేం వెళ్ళిన గది ఆసుపత్రిలా లేదు. నేలంతా మెత్తటి పరుపులు, పైకప్పు నుంచి వేలాడే గుడ్డ ఉయ్యాల, ఒక తొట్టి నిండా చిక్కుడు గింజలు, బట్టలారేసే క్లిప్పులు, పిండి బొమ్మలు. థెరపిస్టు కూడా డాక్టరు కోటేసుకోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని తమ్ముడితో ఆడింది. గింజల్లో బొమ్మ దాచి వెతకమంది. ఉయ్యాల ఎక్కమంటే వాడు అమ్మ కొంగు పట్టుకున్నాడు. ఆవిడ బలవంతం చెయ్యలేదు, ముందు బొమ్మని ఊపింది. క్లిప్పు తెరవమంది, వాడు రెండు చేతులూ వాడాడు. ఏడ్చిందేమీ లేదు. నాయనమ్మ మాత్రం ఒక మూల కుర్చీలో కూర్చుని గింజలన్నీ నేలపాలవుతున్నాయని బాధపడింది.

ఆట అయ్యాక థెరపిస్టు నాన్నతో చెప్పింది. "ఇది రోగం కాదండీ. వేళ్ళలో, భుజాల్లో బలం కొంచెం తక్కువ. అందుకే తొందరగా అలసిపోతాడు. స్పర్శ మనకంటే ఎక్కువ తెలుస్తుంది, అందుకే లేబుల్, జిగురు భరించలేడు. రెండూ ఆటలతో మెరుగవుతాయి. కొన్ని నెలలు పడుతుంది. ఈ వయసులోనే గమనించి తెచ్చారు, అదే పెద్ద మేలు."

"నేను అన్నీ సులువు చేసెయ్యడం వల్లే ఇలా అయిందా?" అని అడిగాడు నాన్న. ఆ ప్రశ్న బస్సులో దారిపొడుగునా ఆయన నోట్లోనే ఉందని నాకు తెలుసు.

"దానివల్ల రాలేదండీ. మీరు చేసింది దాన్ని కనబడకుండా దాచింది, అంతే. లేబుళ్ళు తీసెయ్యడం మంచిపనే, అలాగే ఉంచండి. వాడికి హాయిగా ఉండాలి. గుండీలు మాత్రం తిరిగి రావాలి, మెల్లమెల్లగా." ఆవిడ నవ్వింది. "మీ వృత్తి ఏమిటో మీ బాబు చెప్పాడు. పెద్ద గుండీలతో, వదులు కాజాలతో సాధన గుడ్డ ఒకటి కుట్టి పెట్టండి. నా దగ్గరున్నదానికంటే మీరు బాగా కుడతారు."

"మా ఇంట్లో కాజాలు కుట్టేది మా అమ్మ" అన్నాడు నాన్న.

"వదులు కాజాలా?" అంది నాయనమ్మ మూలనుంచి.

ఆ వారమంతా ఇంట్లో అదే గొడవ. మొదట కుట్టిన కాజాలు చూసి నాన్న వేలు దూర్చి పెదవి విరిచాడు.

"అమ్మా, బిగువుగా ఉన్నాయి. ఆవిడ వదులన్నారు."

"చెయ్యి రావట్లేదురా. బతుకంతా బిగువు కోసం పాటుపడ్డాను. ఇప్పుడు చిరుగులా ఉండాలంటే ఎలా?"

"చిరుగులాగే కుట్టు."

"ఎవరైనా చూస్తే?"

"నేను కుట్టానని చెప్తాలే."

ఆఖరికి నాయనమ్మ కళ్ళు సగం మూసుకుని కుట్టింది. దళసరి ఉన్ని గుడ్డ, దాని మీద రకరకాల నీలాల్లో గుండీలు. మొదటిది బిస్కెట్టంత, చివరిది చొక్కా గుండీ అంత. ముదురు నీలం నుంచి లేత నీలానికి వరస తమ్ముడే చెప్పాడు. కుట్టింది నేను.

మాకు తెలిసిన పనే కాబట్టి అందరం ఆ పనిలో పడ్డాం. అమ్మ మధ్యాహ్నం పిండి కలిపి వాడికో ముద్ద ఇచ్చేది. మొదట్లో ఒక్క వేలితో ముట్టి చెయ్యి దులుపుకునేవాడు, తర్వాత్తర్వాత పాములు చేశాడు. నాన్న మిషన్ చక్రాన్ని వాడి చేత తిప్పించాడు. నాయనమ్మ తన దారపు చిక్కులన్నీ వాడికిచ్చి, "నా కళ్ళకి కనిపించట్లేదు, విప్పి పెట్టరా" అనేది. ఆవిడకి భేషుగ్గా కనిపిస్తాయి. కొన్ని చిక్కులు ఆవిడే వేసేది.

ఒకరోజు వాడు బిస్కెట్టంత గుండీ పెట్టేశాడు. మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టి, గుడ్డ తీసుకెళ్ళి నాన్న కత్తిరిస్తున్న గుడ్డ మీద పరిచాడు. నాన్న కత్తెర ఆపి, కళ్ళద్దాలు సర్దుకుని, బేరగాళ్ళకిచ్చే పని చూసినట్టు చూసి, "కుదిరింది మేస్త్రీ" అన్నాడు. 'చిన' అనలేదు. వాడది గమనించాడు. ఆ రోజంతా బల్ల కిందికి వెళ్ళలేదు.

కొన్నిరోజులు కుదిరేది, కొన్నిరోజులు అస్సలు కుదిరేది కాదు. జలుబు చేసిన వారం మొత్తం మళ్ళీ మొదటికే వచ్చింది. పట్నం వెళ్ళినప్పుడల్లా థెరపిస్టు ఉయ్యాల ఇంకాస్త ఎక్కువ ఊపేది, క్లిప్పులు ఇంకాస్త గట్టివి ఇచ్చేది.

పై క్లాసు మొదలైన రోజు తెల్ల చొక్కా సిద్ధంగా ఉంది. మెడ దగ్గర లేబుల్ లేదు, కుట్లు బయటికే ఉన్నాయి. గుండీలు మాత్రం నిజం గుండీలు, కాజాలు నిజం కాజాలు. నాయనమ్మ పూర్తి బిగువు కాకుండా, పూర్తి వదులూ కాకుండా కుట్టింది. తన జీవితంలో అంత కష్టమైన కాజాలు కుట్టలేదంది.

వాడు అద్దం ముందు నిలబడ్డాడు. అమ్మ దువ్వెన పట్టుకుని ఒకపక్క, నాన్న గుమ్మంలో. నేను బూట్లు పట్టుకుని కూర్చున్నాను. వాడి నాలుక బయటికొచ్చింది. మొదటి గుండీ ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోదానికి చాలాసేపు పట్టింది. అమ్మ చెయ్యి ఒకసారి ముందుకొచ్చి, తనంతట తానే వెనక్కెళ్ళింది. అన్నీ ఎక్కాయనుకుని వాడు మా వైపు తిరిగాడు.

ఒక కాజా తప్పింది. చొక్కా ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి ఉంది. మెడ దగ్గర ఒక గుండీ ఒంటరిగా మిగిలింది.

మా నాన్న సంగతి ఊరంతటికీ తెలుసు. దారిన పోయేవాడి కాలరు వంకరగా ఉన్నా ఆపి సర్దుతాడు. ఆయన వేళ్ళు కదలడం చూశాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు తమ్ముడు.

"నా చేత్తో పెట్టినా ఇంత బాగా రాదు" అన్నాడు నాన్న.

బయటికి వస్తుంటే పొద్దున్నే ప్యాంటు తీసుకోవడానికి వచ్చిన ఆసామి ఎదురయ్యాడు. వాణ్ణి ఎగాదిగా చూసి, "మేస్త్రీ, ఊరందరికీ కుడతావు, నీ కొడుకు చొక్కా చూసుకోవేం? వంకరగా ఉంది" అన్నాడు.

"చొక్కా నేను కుట్టాను, అది తిన్నగానే ఉంది" అన్నాడు నాన్న. "గుండీలు వాడు పెట్టుకున్నాడు. దాన్ని ముట్టుకుంటే మీ ప్యాంటు ఇవ్వను."

ఆసామి నవ్వి చేతులు జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి నాయనమ్మ, "కాజాలు నావి" అంది, ఎవరూ అడక్కపోయినా.

స్కూలు దాకా వాడు నా చెయ్యి పట్టుకుని నడిచాడు. పట్టు నా వేలికి తెలిసింది. గేటు దగ్గర పాత టీచరు ఎదురైంది. చొక్కా చూసింది, నన్ను చూసింది. చెయ్యి చాపి వాడి మెడ దగ్గర మిగిలిపోయిన గుండీని ముట్టుకోబోయింది.

వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఉండండి టీచర్. నాకు కొంచెం సేపు పడుతుంది" అన్నాడు.

బ్యాగు నాకిచ్చి, గేటు పక్కన గోడకి ఆనుకుని నిలబడి, పైనుంచి ఒక్కో గుండీ విప్పడం మొదలుపెట్టాడు, మళ్ళీ మొదట్నుంచి పెట్టడానికి. లోపల మొదటి గంట కొట్టారు. పిల్లలు మమ్మల్ని దాటుకుని పరిగెత్తుతున్నారు. టీచరు గేటు మూయబోతున్న ఆయాని ఆగమని చేత్తో సైగ చేసింది.

మా స్కూల్లోనూ గంట కొట్టారు. ఆలస్యమైతే క్లాసందరి ముందూ నిలబడి కారణం చెప్పాలి. ఆ రోజు చెప్పడానికి నా దగ్గర మంచి కారణమే ఉంది. వాడి బ్యాగు భుజానికి తగిలించుకుని, తొందరపెట్టకుండా నిలబడ్డాను.